ఓడ దిబ్బెక్కింది, నూనె ఇంకా కారలేదు: ఇప్పుడేం చేయాలి?

ముందు ఒక లెక్క చూద్దాం. 2020 జులై 25 సాయంత్రం వకాషియో అనే ఓడ మారిషస్ ఆగ్నేయ తీరంలో, పాయింట్ డెస్నీ ఎదురుగా పగడపు దిబ్బ మీదికి ఎక్కి కూర్చుంది. దాంట్లోంచి నూనె కారడం మొదలైంది ఆగస్టు 6న. అంటే మధ్యలో 12 రోజులు. ఆ 12 రోజులూ ఓడ ఒడ్డు నుంచి కళ్లకు కనిపిస్తూనే ఉంది, పెద్దగా ప్రమాదం లేదన్న మాటే పైనుంచి వినిపించింది. తీరా కారాక మాహెబూర్ ఊరి జనం చెరకాకు మూటలు కట్టి, బూమ్‌లు (నూనెను ఆపే తేలే కంచెలు) కుట్టి, రాత్రీ పగలూ నీళ్లలో నిలబడ్డారు. అదే పని జులై 26న మొదలై ఉంటే ఎంత నూనె ఆగేదో అన్న ఆలోచన నన్ను వదలదు.

కాబట్టి నేను రాసేది ముఖ్యంగా ఆ 12 రోజుల గురించే. నూనె ఒడ్డు తాకాక చేసేది కూడా చెబుతాను గానీ, అప్పటికి సగం ఆట అయిపోయినట్టే.

సరుకు లేని ఓడే కదా అనుకోవద్దు

వకాషియో చైనా నుంచి సింగపూర్ మీదుగా బ్రెజిల్‌కు ఖాళీగా వెళ్తోంది. సుమారు 300 మీటర్ల పొడవున్న బల్క్ క్యారియర్, అంటే ఖనిజం, ధాన్యం లాంటివి గుట్టగా పోసుకుని మోసే ఓడ, ఒక్క టన్ను సరుకు లేదు. కానీ దాని సొంత ఇంజిన్ కోసం టాంకుల్లో దాదాపు 3,800 టన్నుల ఫ్యూయల్ ఆయిల్, 200 టన్నుల డీజిల్ ఉన్నాయి. అందులో సుమారు 1,000 టన్నులు సముద్రంలో కలిశాయి, మిగతాది చాలావరకు తోడేశారు, ఆగస్టు 15న ఓడ రెండు ముక్కలైంది. (ఓడలో పుట్టినరోజు పార్టీ, ఇంటికి ఫోన్ చేసుకోవడానికి సిగ్నల్ కోసం ఒడ్డుకు దగ్గరగా రావడం, ఇవన్నీ తర్వాత విచారణలో బయటికొచ్చాయి. కెప్టెన్ మన దేశస్థుడే, 20 నెలల శిక్ష పడింది.)

అందుకే ఓడ ఇరుక్కుందని వినగానే అడగాల్సిన మొదటి ప్రశ్న లోపల ఏం సరుకుంది అని కాదు, టాంకుల్లో ఇంధనం ఎంతుంది, ఏ రకం, ఎప్పుడు తోడుతున్నారు అని. సర్పంచ్‌తో అడిగించండి, మత్స్యశాఖ వాళ్లను అడగండి, విలేకరులతో అడిగించండి. 2020 అక్టోబరులో మన విశాఖ తెన్నేటి పార్కు దగ్గర బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా వాయుగుండం దెబ్బకు రాళ్ల మీదికి కొట్టుకొచ్చినప్పుడు జనమంతా సెల్ఫీల కోసం ఎగబడ్డారు గానీ, అక్కడ నిజంగా జరిగిన మంచి పని ఏంటంటే లోపలున్న ఇంధనాన్ని ముందు బయటికి తోడేయడం. దాంట్లో ఉన్నది వకాషియోతో పోలిస్తే చాలా తక్కువ, అదీ మన అదృష్టం.

మన దేశంలో సముద్రం మీద నూనె కారితే పెత్తనం కోస్ట్ గార్డ్‌ది. సముద్రంలో ఏదైనా కనిపిస్తే 1554కి ఫోన్ చేయొచ్చు. ఇంకోటి, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) అంటే మనకు సునామీ హెచ్చరికలే గుర్తొస్తాయి గానీ, కారిన నూనె ఎటు కొట్టుకుపోతుందో అంచనా వేసి చెప్పేది కూడా వాళ్లే.

నూనె ఎటు వస్తుందో మీరే లెక్క కట్టండి

నీటి మీద తేలే నూనెను ప్రవాహం తనతో పాటే మోసుకుపోతుంది, దానికి తోడు గాలి తన వేగంలో సుమారు 3 శాతం వేగంతో తోస్తుంది. గాలి గంటకు 30 కిలోమీటర్లు ఉందనుకోండి, గాలి ఒక్కటే నూనెను గంటకు 900 మీటర్లు జరుపుతుంది, రోజుకు 21 కిలోమీటర్ల పైమాటే. దీనికి ప్రవాహం కలపాలి, అది ఎటు లాగుతుందో వేటకెళ్లే పెద్దాయన్ని ఎవర్ని అడిగినా చెబుతారు, యాప్‌లో వెతకడం కంటే అదే నయం.

అలా వచ్చే దారిలో ఏమున్నాయో ఒక కాగితం మీద గీయండి. ఇసుక ఒడ్డు గురించి ఎక్కువ టెన్షన్ పడకండి, ఇసుకను శుభ్రం చేయగలం. మడ చెట్లు, ఉప్పుటేరు మొగలు, రొయ్యల చెరువులకు నీళ్లు తోడుకునే కాలువలు, ఇవీ అసలు కాపాడాల్సినవి. మడ బురదలోకి నూనె దిగితే ఏళ్ల తరబడి పోదు. మారిషస్‌లో బ్లూ బే మెరైన్ పార్కు, గులాబీ పావురాలు ఉండే ఇల్ ఓ ఎగ్రెత్ దీవి, మడ మొక్కలు అన్నీ ఆ పక్కనే ఉన్నాయి. కాకినాడ పక్కన మన కోరంగి మడ అడవిలో అయితే చెప్పక్కర్లేదు, ఒక్కో పాయా ఒక్కో తలుపు, అన్నిటికీ గొళ్లెం పెట్టలేం కాబట్టి ఏ రెండు మూడు పెట్టగలమో ముందే తేల్చుకోవాలి.

ఇంకొక పని ఈరోజే మొదలెట్టొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒడ్డున ఉన్న ప్లాస్టిక్ సీసాలు, పాత వలలు, కొట్టుకొచ్చిన దుంగలు అన్నీ ఏరి అలలు అందని చోటికి చేర్చండి. ఇప్పుడు అది మామూలు చెత్త. నూనె అంటుకున్నాక అదే ప్రమాదకర వ్యర్థం అవుతుంది, దాన్ని మోయడం, దాచడం, వదిలించుకోవడం అన్నీ వేరే లెవెల్ తలనొప్పి.

బూమ్ కట్టడం

బూమ్ అంటే నీళ్ల మీద తేలే కంచె. కంపెనీ బూమ్‌కి పైన గాలి గొట్టమో స్పాంజో ఉంటుంది, కింద లంగా అంచులా వేలాడే గుడ్డ ఉంటుంది, దాని అడుగున బరువు ఉంటుంది, పొడవునా ఒక గట్టి తాడో గొలుసో పోతుంది. ఇంట్లో కట్టినా ఈ నాలుగూ ఉండాలి. మారిషస్ వాళ్లు గుడ్డలో ఎండిన చెరకాకు కూరి, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పెట్టి, వరసగా కట్టుకుంటూ పోయారు. క్షౌరశాలల్లో కత్తిరించిన జుట్టు కూడా జనం పోగేసి ఇచ్చారు. అక్కడ చెరకు ఎందుకంత ఉందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు, ఆ తోటల్లో పనికోసం కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్ల మనవలూ మునిమనవలూ ఇప్పుడు ఆ దేశస్థులు, ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు.

మన దగ్గర అయితే ఏం కూరాలి? దీనికి నేనొక చిన్న పరీక్ష చేశాను, మీరూ చేయండి. పాత టబ్బులో సగానికి నీళ్లు పోసి, ఒక పిడికెడు ఉప్పు వేసి, మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చిన వాడేసిన ఇంజిన్ ఆయిల్ రెండు గరిటెలు పోశాను. కొబ్బరి పీచు, మంగలి షాపు జుట్టు, ముక్కలు చేసిన చెరకాకు, పాత దిండులోంచి తీసిన బూరుగు దూది, నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి, ప్రతిసారీ నీళ్లు మార్చి. జుట్టు నూనెను బాగానే పట్టింది గానీ విడిగా వేస్తే చెల్లాచెదురై అదే ఇంకో చెత్త అయింది, నైలాన్ మేజోడులో కూరితే సరిపోయింది. కొబ్బరి పీచు నూనెతో పాటు నీళ్లూ తాగేసింది, కాసేపటికే బరువెక్కి కిందికి దిగడం మొదలెట్టింది. చెరకాకు పీల్చడం తక్కువ, పైపైన పూత పట్టినట్టు పట్టుకుంటుంది, కానీ గుత్తంగా కూరితే అడ్డుగోడలా బాగా నిలబడింది. బూరుగు దూది మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది, నీళ్లను తాకనివ్వదు, నూనెను వదలదు, పైన తేలుతూనే నల్లబడిపోయింది. తీసి చూస్తే నీళ్ల మీద రంగుల పొర తప్ప ఏమీ మిగల్లేదు. చిక్కు ఒక్కటే, కూరేటప్పుడు ఎగిరి ముక్కుల్లోకి పోతుంది, ఫ్యాన్ ఆపి మొహానికి గుడ్డ కట్టుకుని చేయాలి. పరీక్ష అయ్యాక ఆ నూనె నీళ్లు మురికి కాలువలో పారబోయకండి, షెడ్డు వాళ్ల డ్రమ్ములోనే తిరిగి పోయండి.

కాబట్టి నా సలహా, అడ్డుగోడకు చెరకాకో ఎండుగడ్డో, దాని వెనక రెండో వరసలో పీల్చుకోవడానికి బూరుగు దూది లేదా జుట్టు మూటలు. అన్నట్టు తలనీలాల మాట ఎవరో ఒకరు ఎత్తుతారు, అవి వేలంలో అమ్ముడయ్యే సరుకండీ, ఊళ్లో మంగలి షాపు వాళ్లను అడగడమే తేలిక.

కట్టే పద్ధతి ఇది. పచ్చ షేడ్‌నెట్ గానీ సన్నకన్ను పాత వల గానీ మూడు మీటర్ల పొడవు, సుమారు ఒక మీటరు వెడల్పు కత్తిరించండి. నేల మీద పరిచి, మధ్యలో పొడవునా ఒక నైలాన్ తాడు వేయండి, అటూ ఇటూ రెండేసి మూరలు మిగలాలి. ఈ తాడే లాగుడంతా మోయాలి, గుడ్డ మోయకూడదు, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఒట్టి మూటల్ని ఒకదానికొకటి ముడేస్తే మొదటి పోటుకే కుట్లు తెగిపోతాయి. తాడు మీద చెరకాకు జానెడు ముక్కలుగా నరికి పరచండి, మధ్యమధ్యలో మూత బిగించిన లీటరు సీసాలు అడుగుకొకటి చొప్పున పెట్టండి. చెరకాకు అంచు కత్తిలా కోస్తుంది, చేతులకు గ్లవ్స్ లేకుండా దిగకండి. ఇప్పుడు చాపలా చుట్టి దబ్బనంతో, పురికొసతో కాకుండా నైలాన్ దారంతో కుట్టండి. పురికొస నీళ్లలో ఎక్కువ రోజులు నిలవదు. గొట్టం లావు మీ తొడంత వస్తే చాలు. చుట్టగా మిగిలిన వల అంచు ఒక అడుగు కిందికి వేలాడేలా వదిలి, దాని చివర గులకరాళ్లు మూటకట్టండి, అదే మీ లంగా అంచు.

రెండు ముక్కలు కలిపేచోట ఎదురెదురుగా ఆనించి కడితే సందులోంచి నూనె దర్జాగా వెళ్లిపోతుంది. ఒకదాని మీద ఒకటి రెండడుగులు అతివ్యాప్తిగా, పక్కపక్కన పడుకోబెట్టి మూడు చోట్ల బిగించండి.

ఎక్కడ వేయాలి, ఎక్కడ వేస్తే వేస్ట్

బయటి సముద్రంలో అలల మధ్య ఇది పనికిరాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. నెమ్మదైన నీళ్లలో, అంటే పాయ మొగలో, కాలువ గుమ్మంలో, దిబ్బ లోపలి మడుగులో మాత్రమే. మారిషస్‌లో కాస్త పనిచేసిందంటే దిబ్బ లోపల లగూన్ ఉండబట్టే.

నీటి వేగం ఎలా చూడాలంటే, ఒడ్డున పది మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతి, పై కర్ర దగ్గర ఒక ఎండు పుల్లో బత్తాయి తొక్కో వేసి సెకన్లు లెక్కపెట్టండి. 28, 30 సెకన్ల కంటే ఎక్కువ పడితే బూమ్‌ను అడ్డంగా వేయొచ్చు. అంతకంటే త్వరగా వెళ్లిపోతే ఎంత మంచి బూమ్ అయినా నూనె కింద నుంచి దూరిపోతుంది, కంపెనీది అయినా అంతే. అప్పుడు అడ్డంగా కాకుండా ఏటవాలుగా వేసి, నూనెను ఒక పక్క ఒడ్డుకు తోలాలి, వేగం ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ వాలు. ఆ ఒడ్డునే బకెట్లూ డ్రమ్ములూ పెట్టుకోవాలి, కాబట్టి మడ చెట్లు లేని, ఆటో రాగల వైపు ఎంచుకోండి.

కట్టే తాడు ఆటుపోట్లకు సరిపడా వదులుండాలి. నీళ్లు తగ్గిన ఆటు సమయంలో బిగించి కట్టి ఇంటికెళ్తే పోటుకు బూమ్ నీళ్లలో మునుగుతుంది, నూనె పైనుంచి దాటిపోతుంది. రాత్రి కూడా ఒక మనిషి కాపలా ఉండాలి, తప్పదు.

ఒకటి మర్చిపోకండి, చెరకాకు నానుతుంది. ఒకట్రెండు రోజుల్లో బరువెక్కి సగం మునిగిపోతుంది, అప్పుడు తీసి కొత్తది వేయాలి. ముందే రెట్టింపు కట్టి గట్టు మీద ఆరబెట్టి ఉంచమనేది అందుకే.

నూనె వచ్చేసింది

ముందు వాసన వస్తుంది. తల బరువెక్కినా, కడుపులో తిప్పినా గాలికి ఎదురుగా నడిచి బయటికి రండి, హీరోయిజం వద్దు. మామూలు సర్జికల్ మాస్కు ఆవిర్లను ఏమాత్రం ఆపదు, ఆవిర్లను పట్టే బొగ్గు ఫిల్టర్ డబ్బా ఉన్న మాస్కు కావాలి. మొదటి రోజు తాజా నూనె దగ్గర ఆవిర్లు ఎక్కువ, ఒక్క రోజు ఆగినా చాలా తేడా ఉంటుంది. పిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు బూమ్‌లు కుట్టేచోటే ఉండాలి, నీళ్ల దగ్గరికి రాకూడదు. నైట్రైల్ గ్లవ్స్, గంబూట్లు, ఫుల్ చేతుల చొక్కా. ఒంటికి అంటితే కిరోసిన్, పెట్రోలు రాయకండి, చర్మం మాడుతుంది. కొబ్బరి నూనె రాసి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు. ఇది మన వల పనివాళ్లకు తారు మరకతో ఎలాగూ తెలిసిందే.

రంగులరంగుల పలుచటి పొర వెనక పరిగెత్తకండి, చూడ్డానికి ఎకరాల మేర ఉంటుంది గానీ అందులో నూనె చాలా తక్కువ. గోధుమ, నలుపు రంగులో చిక్కగా ఉన్నదే పని. అది అలలకు చిలికి చిలికి నీళ్లు కలుపుకుని మూడు నాలుగు రెట్లు ఉబ్బి, చిక్కటి చాక్లెట్ ముద్దలా తయారవుతుంది. 2017 జనవరిలో చెన్నై ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని నూనె కారినప్పుడు జనం బకెట్లతో ఎత్తుతున్న ఫొటోలు చూసి నెట్‌లో తెగ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత తెలిసింది, రాళ్ల మధ్య ఆ ముద్దను పంపు లాగలేదు, బకెట్టే దిక్కు.

ఇసుక మీదైతే జేసీబీ తేవద్దు. చక్రాలు నూనెను అడుగు లోతుకు తొక్కేస్తాయి, రెండు అంగుళాల పని రెండడుగుల పని అవుతుంది. చదును పారతో పై పొర మాత్రమే గీకి తట్టల్లో ఎత్తండి. నూనె ఇంకా వస్తూ ఉంటే కిందనున్న ఇసుకను నున్నగా చేసే పని పెట్టుకోకండి, రేపటి పోటుకు మళ్లీ వస్తుంది. మడల్లోకి మాత్రం అడుగు పెట్టనే వద్దు, మీ బూటు అడుగు పడ్డ ప్రతిచోటా నూనె వేరు దాకా దిగుతుంది. పడవలోంచి చేతికి అందినంత తీసి వదిలేయడమే మంచిది.

సర్ఫ్, డిష్‌వాష్ చల్లితే మాయమవుతుందని ఎవరో ఒకరు వస్తారు. మాయమవదు, విడిపోయి నీళ్లలోకి దిగుతుంది, అక్కడ చేపపిల్లలుంటాయి. నూనె అంటిన పక్షిని మీరు కడగకండి, అట్టపెట్టెలో గాలి ఆడేలా పెట్టి చీకట్లో ఉంచి అటవీశాఖకు ఫోన్ చేయండి.

చెత్త, దీన్ని ఎవరూ ముందు ఆలోచించరు

కారిన నూనె కంటే పోగయ్యే చెత్త ఎన్నో రెట్లు. ఒంటి చేత్తో ఎత్తిన చెరకాకు బూమ్ నూనె తాగాక ఇద్దరు మనుషుల బరువు పని, కారుతూ ఉంటుంది, లాగిన దారంతా మరక. అందుకే బూమ్ నీళ్లలో వేయకముందే పోటు నీళ్లు అందని చోట ఒక గుంట తవ్వి, కింద ఇసుక, దాని మీద మందపాటి పాలిథిన్ రెండు పొరలు, చుట్టూ ఇసుక మూటల గట్టు, పైన బరకం కప్పడానికి వీలుగా కర్రలు సిద్ధం చేయాలి. వానాకాలమైతే బరకం తప్పనిసరి, లేదంటే గుంట నిండి నూనె మళ్లీ సముద్రానికే పోతుంది. ద్రవం డ్రమ్ముల్లో, ఇసుక ఒక గుంటలో, బూమ్‌లూ గ్లవ్సులూ ఇంకో గుంటలో, కలపకండి. కలిపితే ఇసుకను కడిగి వాడుకునే అవకాశం పోతుంది. తగలబెట్టడం మాత్రం వద్దు, ఆ పొగ ఊరంతా పీల్చాల్సి వస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు లారీ పంపేదాకా కాపాడటమే మీ పని.

చివరిగా ఒక రూలు నోట్‌బుక్కు కొనండి, ఇది డబ్బు విషయం. ఓడల బీమా వాళ్లు నష్టపరిహారం ఇచ్చేది ఏడ్చినందుకు కాదు, చూపించినందుకు. నూనె రాకముందు మీ ఒడ్డు, మీ వల, మీ పడవ ఎలా ఉన్నాయో ఫొటోలు తీయండి, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి. గత రెండు మూడేళ్ల చేపల అమ్మకం చీటీలు, డీజిల్ బిల్లులు, ఐసు బిల్లులు ఏరి ఒక కవర్‌లో పెట్టండి. నూనె వచ్చిన రోజు నుంచి ఎవరు వేటకెళ్లలేదు, ఎన్ని వలలు పాడయ్యాయి, ఎవరెవరు ఎన్ని గంటలు బూమ్ పని చేశారు, ఎన్ని మీటర్ల తాడు కొన్నారు, అన్నీ తేదీ వేసి రాసి, ప్రతి పేజీ కింద ఇద్దరి సంతకాలు తీసుకోండి. పుస్తకం రాసే పని ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయికి అప్పజెప్పండి, నీళ్లలో దిగి వచ్చినవాళ్ల చేతులకు నూనె ఉంటుంది, వాళ్లు పేజీ ముట్టుకుంటే చదవడానికి మిగలదు.